ఈ అంకె ఎక్కడిది?

తాళపత్ర గ్రంథాలకి నకళ్ళు రాసిన లేఖకులు చివరి ఆకు మీద తరచూ ఒక మాట రాసి పెట్టేవాళ్ళు. మాతృకలో ఎలా కనిపించిందో అలాగే రాశాను, తప్పులుంటే నన్ననకండి అని దాని సారాంశం. నడుం వంగి, మెడ పట్టేసి, చూపు మందగించి ఇంత కష్టపడి రాశాను, జాగ్రత్తగా దాచుకోండి అని కొందరు వేడుకునేవాళ్ళు కూడా. చదివితే నవ్వొస్తుంది గానీ అందులో చాలా నిజాయితీ ఉంది. చూసి రాసేటప్పుడు తప్పు జారిపడుతుందనీ, అది ఎక్కడ జారిందో తనకే తెలియదనీ ఆ లేఖకుడికి తెలుసు.

ఇవాళ ఆఫీసులోనో యూనివర్సిటీలోనో కూర్చుని రిపోర్టు రాసే మనిషి చేసేదీ ఇదే పని. అంకెలు ఒకచోట ఉంటాయి, ఎక్సెల్ షీటులోనో, ఏదో ప్రోగ్రాములోనో. వాక్యాలు ఇంకోచోట ఉంటాయి, వర్డ్ ఫైల్లో. మధ్యలో మనిషి. ఈ కిటికీలో చూసి ఆ కిటికీలో టైపు చేస్తాడు. గ్రాఫుని కాపీ చేసి తెచ్చి అతికిస్తాడు. సాయంత్రం ఎవరో ఫోన్ చేసి, డేటాలో రెండు వరసలు రెండేసిసార్లు పడ్డాయండీ, తీసెయ్యండి అంటారు. తీసేస్తాడు. పట్టిక మారుతుంది, గ్రాఫు మారుతుంది. నాలుగో పేజీలో ఒక వాక్యం మధ్యన ఇరుక్కున్న సగటు మాత్రం పాతదే ఉండిపోతుంది. మన లేఖకుడు చెప్పుకున్నపాటి క్షమాపణ కూడా చెప్పకుండా కింద పేరు పెట్టుకుని పంపించేస్తాం.

అంకెని చేత్తో ఎత్తి రాసే బదులు, ఆ అంకెని పుట్టించిన లెక్కనే తీసుకొచ్చి వాక్యంలో కూర్చోబెడితే? డేటా మారినప్పుడల్లా వాక్యం కూడా తనంతట తనే మారిపోతే? ఈ ఆలోచన వెనక దాదాపు యాభై ఏళ్ళ కథ ఉంది. కాకపోతే ఆ కథ లెక్కల్లో తప్పులు పోవాలని మొదలవలేదు. అచ్చు అందంగా లేదని ఒక పెద్దమనిషికి ఒళ్ళు మండి మొదలైంది.

* * *

డొనాల్డ్ క్నూత్ అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ అనే సంపుటాల రచయిత. 1962లో మొదలుపెట్టి, 1968లో మొదటి సంపుటం తెచ్చి, ఇప్పటికీ పూర్తిచేయని పుస్తకం అది. మొదటి ముద్రణలన్నీ మోనోటైప్ యంత్రాల మీద, సీసపు అక్షరాలతో కంపోజ్ అయ్యాయి. రెండో సంపుటానికి కొత్త కూర్పు తయారుచేస్తుంటే, 1977 మార్చి చివర్లో ప్రచురణకర్తల దగ్గర్నుంచి గ్యాలీ ప్రూఫులు వచ్చాయి. ఈలోగా అచ్చు ప్రపంచం సీసాన్ని వదిలేసి ఫొటో పద్ధతికి మారిపోయింది. ఆ ప్రూఫులు క్నూత్‌కి ఎంత నచ్చలేదంటే, ఇలాగైతే ఇక పుస్తకాలు రాయడమెందుకు అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డిజిటల్ యంత్రం మీద అచ్చయిన వేరే పుస్తకం ప్రూఫులు ఆయన కంటబడ్డాయి. అందులో అక్షరమంటే చుక్కల వరస. సిరా ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా. ఒకట్లూ సున్నాలే అయితే అది మన పనేగా అనుకున్నాడు. మే నెలకల్లా ‘టెక్’ అనే అక్షర కూర్పు ప్రోగ్రాముకి రూపురేఖలు రాసుకున్నాడు. తర్వాతి ఏడు సెలవు పెట్టుకుని అది పూర్తిచేసి, మళ్ళీ పుస్తకం పనిలో పడాలని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. అక్షరాల అచ్చులు గీసే ఇంకో ప్రోగ్రాముతో కలిపి దానికి పట్టింది దగ్గరదగ్గర పదేళ్ళు.

టెక్ గురించి చెప్పేవాళ్ళందరూ పేజీ అందం గురించి చెబుతారు. పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి పంక్తి ఎక్కడ విరగాలో తేల్చడం లాంటివి. అవి గొప్పవే. మన కథకి కావలసింది ఇంకోటి. గణితం కాగితం మీద ఒక బొమ్మ. భిన్నానికి పైనా కిందా ఉంటాయి, ఘాతం భుజమెక్కి కూర్చుంటుంది, వర్గమూలం గొడుగు పడుతుంది. సీసం రోజుల్లో ఈ బొమ్మని కూర్చాలంటే నిపుణుడైన కంపోజిటర్ ఉండాలి, అందుకే గణితమున్న పేజీకి ప్రెస్సులు ఎక్కువ రేటు తీసుకునేవి. క్నూత్ ఆ బొమ్మని మామూలు టైపు అక్షరాల వరసగా మార్చాడు. ఎక్స్ వర్గం కావాలా, ఎక్స్ కొట్టి, టోపీ గుర్తు పెట్టి, రెండు కొట్టాలి. అంతే. సూత్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి అటొక డాలర్ గుర్తు, ఇటొక డాలర్ గుర్తు. డాలరే ఎందుకంటే, గణితం అచ్చు ఖరీదైన వ్యవహారం కాబట్టి అన్నాడు. ఆ పరిహాసం ఈ రోజుకీ కోట్లాది ఫైళ్ళలో బతికే ఉంది.

మూల రూపం మామూలు అక్షరాల్లో, అందమైన రూపం యంత్రం చేతిలో అన్న ఈ ఏర్పాటు తెలుగువాళ్ళకి కొత్తది కాదు. 1990లలో ఇంటర్నెట్‌లో తెలుగు రాసినవాళ్ళకి ఆర్టీయస్ గుర్తుండే ఉంటుంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్ళు చేసిన పద్ధతి. ఇంగ్లీషు కీబోర్డు మీద చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. మెయిల్లో వెళ్ళేది ఇంగ్లీషు అక్షరాల వరస, చదువుకునేవాడి తెరమీద తేలేది తెలుగు. ఆ దశాబ్దం మొదట్లోనే అమెరికా తెలుగువాళ్ళు టెక్ కోసం ఒక తెలుగు ఫాంట్ కూడా తయారుచేశారు. తెరమీద తెలుగు చూడ్డమే గగనమైన రోజుల్లో, గణిత శాస్త్రవేత్తల పనిముట్టు పట్టుకుని మన గుణింతాలు కూర్చారన్నమాట.

గణితం వాక్యంలోంచి విడిపోయి బొమ్మగా మారడం కూడా అంత పాతదేం కాదు. మనం పుట్టినప్పటినుంచీ ఉందనుకునే సమాన గుర్తుని రాబర్ట్ రికార్డ్ వాడింది 1557లో. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే మన పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులో లెక్క ఎక్కడ ఆగి భాష ఎక్కడ మొదలైందో చూపించే అతుకు ఉండదు. అంకె కూడా మాటే, గణానికి సరిపోవాల్సిందే. టెక్ చేసింది, విడిపోయిన ఆ రెండింటినీ మళ్ళీ ఒకే వరసలోకి తేవడం. సూత్రం వాక్యంతోపాటు టైపు చేయగలిగేది అయింది. ఇక ప్రోగ్రాముని కూడా అదే ఫైల్లోకి రానివ్వడం ఒక్క అడుగు దూరం.

* * *

ఆ అడుగు కూడా క్నూతే వేశాడు. టెక్ పెద్ద ప్రోగ్రాము. దాన్ని ఊరికే పంచిపెట్టడం కాదు, పుస్తకంలా అచ్చువేసి చదివించాలని ఆయన కోరిక. ప్రోగ్రాము యంత్రానికిచ్చే ఆజ్ఞల పట్టీ కదా, దాన్నెవరు చదువుతారు? అందుకని ‘వెబ్’ అని ఒక పద్ధతి కట్టాడు. వరల్డ్ వైడ్ వెబ్ ఊహకి కూడా రాని రోజులు. కంప్యూటర్లవాళ్ళు ఇంకా వాడేయకుండా మిగిలిన అతికొద్ది మూడక్షరాల ఇంగ్లీషు మాటల్లో అదొకటి అని ఆ పేరు తీసుకున్నాడు.

పద్ధతి ఇది. రచయిత ఒకే ఫైల్లో తన ఆలోచన సాగిన క్రమంలో వివరిస్తూ పోతాడు. ఒక పేరా మాట, ఒక తునక కోడ్, మళ్ళీ మాట, మళ్ళీ తునక. ఆ ఫైలుని ‘టాంగిల్’ అనే ప్రోగ్రాముకిస్తే కోడ్ తునకల్ని ఏరి, యంత్రానికి కావలసిన వరసలో పేర్చి, మనిషి మొహం చూడలేని చిక్కుముడిగా చేసి కంప్యూటర్‌కి అప్పగిస్తుంది. అదే ఫైలుని ‘వీవ్’ అనే ప్రోగ్రాముకిస్తే చక్కగా నేసి, సూచికతో సహా, టెక్ ద్వారా చదువుకునే పుస్తకంగా ఇస్తుంది. ఒకటే నూలు, ఒకవైపు చిక్కు, ఒకవైపు నేత. 1984లో దీనికి ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ అని పేరుపెట్టి వ్యాసం రాశాడు. ప్రోగ్రాములు సాహిత్యమే, రాసేవాడు వ్యాసకర్తే అన్నది ఆయన వాదన. రెండేళ్ళకి టెక్ మొత్తం కోడ్ నిజంగానే పుస్తకంగా వచ్చింది. సాహిత్యం చదివేవాళ్ళం మనమెవరం దాన్ని చదవలేదనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత జరిగినది ప్రోగ్రామర్లు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట. జాన్ బెంట్లీ అని ఒక పత్రికలో శీర్షిక రాసేవాడు. 1986లో క్నూత్‌కి ఒక చిన్న పని పెట్టాడు. ఒక పాఠంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన మాటలు ఏవో, ఎన్నేసిసార్లు వచ్చాయో వరసగా చూపించాలి, మీ వెబ్ పద్ధతిలో రాసివ్వండి అని. క్నూత్ పత్రికలో పేజీలకి పేజీలు సాగే నగిషీ పని చేసి ఇచ్చాడు. దాన్ని సమీక్షించమని బెంట్లీ డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్‌ని అడిగాడు. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాము ఫలితాన్ని ఇంకో ప్రోగ్రాములోకి గొట్టంలా పంపే ఊహ ఈయనదే. ఆయన క్నూత్ పనితనాన్ని మనసారా మెచ్చుకుని, చివర్లో అదే పని చేసే ఆరు పంక్తుల యూనిక్స్ ఆదేశాలు రాసి పక్కన పెట్టాడు.

అందరూ మెక్‌ఇల్‌రాయ్ గెలిచాడంటారు. ఇంజనీరింగ్ మాటగా అది నిజమే. ఉన్న పనిముట్లని కలిపి వాడుకోగలిగినప్పుడు ఆ నగిషీ అంతా ఎందుకు? ప్రోగ్రామర్లు కూడా ఆయన పక్షానే నిలబడ్డారు, లిటరేట్ ప్రోగ్రామింగ్ వాళ్ళలో వేరు పట్టలేదు. నాకు తోచిన కారణం చెబుతాను. ప్రోగ్రామర్‌కి చివరికి కావలసింది నడిచే ప్రోగ్రాము, వ్యాసం ఆయనకి అదనపు బరువు. ఎవరికైతే చివరికి కావలసింది వ్యాసమో, ప్రోగ్రాము ఎవరికి దాన్ని రాయడానికి ఒక మెట్టు మాత్రమేనో, వాళ్ళకి ఈ పద్ధతి ప్రాణావసరం. వాళ్ళు గణాంక శాస్త్రవేత్తలు, భూభౌతిక శాస్త్రవేత్తలు, జీవశాస్త్రవేత్తలు. క్నూత్ ప్రోగ్రాములోకి వ్యాసాన్ని తెచ్చాడు. వీళ్ళు వ్యాసంలోకి ప్రోగ్రాముని తెచ్చారు.

* * *

స్టాన్‌ఫర్డ్‌లోనే ఇంకో భవనంలో జాన్ క్లేర్‌బౌట్ ఉండేవాడు. భూమిలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనుల్ని బట్టి లోపలి పొరల బొమ్మ కట్టడం ఆయన విద్య. చమురు కంపెనీలకి అది కావాలి. ఆయన బృందంలో ఒక అవస్థ మళ్ళీమళ్ళీ వచ్చేది. విద్యార్థి మంచి థీసిస్ రాసి వెళ్ళిపోతాడు. తర్వాత వచ్చినవాడు దాని మీద పనిచేద్దామని కూర్చుంటాడు. థీసిస్‌లో ఉన్న బొమ్మని మళ్ళీ రాబట్టలేడు. వేసినవాడినే పిలిచి అడిగినా, కొన్నేళ్ళు గడిస్తే వాడికీ చేతకాదు. ఏ ఫైలు, ఏ కొలత, ఏ అంకె మార్చాడో ఎవడికి గుర్తుంటుంది?

1990 ప్రాంతంలో క్లేర్‌బౌట్ ఒక నియమం పెట్టాడు. బృందం రాసే ప్రతి పత్రంలోనూ ప్రతి బొమ్మ, దాన్ని పుట్టించిన ప్రోగ్రాముతో కలిసి ఉండాలి. చదివేవాడు ‘బర్న్’ అని ఆజ్ఞ ఇస్తే బొమ్మలన్నీ చెరిగిపోవాలి. ‘బిల్డ్’ అంటే డేటా దగ్గర్నుంచి మొత్తం లెక్క నడిచి బొమ్మలన్నీ మళ్ళీ పుట్టాలి. కాల్చేసి మళ్ళీ కట్టమనడం! పాతబొమ్మ డిస్కులో ఎక్కడో మిగిలి ఉంటే, అది కొత్త లెక్కలోంచి వచ్చిందో పాతదే పళ్ళికిలిస్తోందో తెలియదు కదా. అందుకని ముందు కాల్చాలి. బొమ్మల కింద గుర్తులు కూడా ఉండేవి. ఇది సులువుగా తిరిగి వస్తుంది, ఇది షరతుల మీద వస్తుంది, ఇది రాదు అని. రాదు అని ఒప్పుకోవడానికి కూడా ఒక గుర్తు పెట్టడం నాకు భలే నచ్చింది. తాళపత్ర లేఖకుడి నిజాయితీకి ఇది దగ్గర చుట్టం.

అక్కడే గణాంక శాస్త్రంలో ఉన్న డేవిడ్ డోనహో, తన సహచరుడు బక్‌హీట్‌తో కలిసి 1995లో క్లేర్‌బౌట్ ఆలోచనని ఇంకాస్త పదునుపెట్టాడు. కంప్యూటర్ మీద చేసిన శాస్త్రం గురించి వేసే వ్యాసం ఉంది చూశారూ, అది పాండిత్యం కాదు, పాండిత్యానికి ప్రకటన మాత్రమే. అసలు సరుకు ఆ బొమ్మల్ని పుట్టించిన కోడ్, డేటా అని దాని భావం. అప్పటికి ఇది అతిశయోక్తిలా వినిపించి ఉంటుంది.

ఆ సరుకుని సామాన్యుడి చేతికి అందించినవాడు వియన్నాలో ఉన్న ఫ్రీడ్రిక్ లైష్. ‘ఎస్’ అనే గణాంక భాష, దానికి వారసురాలు ‘ఆర్’. ఎస్‌కి క్నూత్ వీవ్ కలిపి ‘ఎస్‌వీవ్’ అని పేరుపెట్టి 2002లో లోకానికి చూపించాడు. టెక్‌కి వాడుక రూపమైన లేటెక్‌లో మామూలుగా వ్యాసం రాసుకుంటూ పోతారు. లెక్క కావలసినచోట కోణపు బ్రాకెట్ల మధ్య ఒక గుర్తు పెట్టి ఆర్ కోడ్ రాస్తారు. ఎస్‌వీవ్ నడిపితే ఆ కోడ్ ఉన్నచోట పట్టికో గ్రాఫో వచ్చి కూర్చుంటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అంతకన్నా చిన్న సదుపాయం. వాక్యం మధ్యలోనే ఒక మాటంత కోడ్ రాయొచ్చు. ‘ఈ రోగుల సగటు వయసు’ అని రాసి, తర్వాత అంకెకి బదులు సగటు కట్టమనే ఆజ్ఞ. అచ్చయిన కాగితంలో అక్కడ అంకె ఉంటుంది. రాసినవాడు మాత్రం ఆ అంకెని ఎప్పుడూ టైపు చెయ్యలేదు. జన్యు సమాచారాన్ని విశ్లేషించే ‘బయోకండక్టర్’ అనే ఆర్ ప్యాకేజీల సమాహారం, ప్యాకేజీని ఎలా వాడాలో చెప్పే వ్యాసాల్ని ఈ పద్ధతిలో రాయమంది. వ్యాసంలోని కోడ్ నడవకపోతే వ్యాసమే తయారు కాదు.

* * *

ఇదంతా చాదస్తం అనిపించొచ్చు. ఎవడో ఒకడు ఒక అంకె తప్పు ఎక్కించాడు, అయితే ఏమైంది అని.

2006లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ నుంచి ఒక వ్యాసం వచ్చింది. ‘నేచర్ మెడిసిన్’లో అచ్చయింది. అనిల్ పొట్టి అనే యువ వైద్యుడు, సీనియర్ శాస్త్రవేత్త జోసెఫ్ నెవిన్స్, మరికొందరు రచయితలు. క్యాన్సర్ గడ్డలో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో చూసి, ఆ రోగికి ఏ కీమో మందు పనిచేస్తుందో ముందే చెప్పొచ్చని వాళ్ళ ప్రతిపాదన. కీమో పడని మనిషికి కీమో ఇవ్వడమంటే ఏమిటో ఇంట్లో చూసినవాళ్ళకి, ఆ వార్త ఎంత పెద్ద ఆశో వేరే చెప్పక్కర్లేదు.

హూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు కూడా ఆశపడ్డారు. ఈ పద్ధతి మనమూ వాడదాం, ఒకసారి చూసిపెట్టండి అని తమ దగ్గరున్న గణాంక శాస్త్రవేత్తలు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్‌ని అడిగారు. డేటా బయటే ఉంది. వ్యాసంలో పద్ధతి వర్ణన ఉంది. లెక్క మాత్రం తేలలేదు. వ్యాసంలో చెప్పినట్టు చేస్తే వ్యాసంలో ఉన్న ఫలితాలు రావడం లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఏ తప్పు చేస్తే ఈ ఫలితం వస్తుందో ఊహించి, ఆ తప్పు కావాలని చేసి చూడటం. శవపరీక్ష లాంటి గణాంకం. చివరికి దానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా అలాంటిదే, ఫోరెన్సిక్ బయోఇన్ఫర్మాటిక్స్.

దొరికినవి ఎంత చిల్లర తప్పులో చూడండి. జన్యువుల పేర్ల జాబితా ఒక్క వరస కిందకి జరిగింది. అంటే ప్రతి జన్యువుకీ పక్కింటివాడి పేరు పడింది. ఎక్సెల్‌లో ఎప్పుడో ఒకసారి మనందరికీ జరిగేదే. ఇంకా కొన్నిచోట్ల మందుకి లొంగే కణాలు, లొంగని కణాలు అన్న చీటీలు తారుమారయ్యాయి. ముఖ్యమైనవని చూపించిన జన్యువుల్లో కొన్ని, ప్రయోగంలో వాడిన చిప్ మీద అసలు లేనే లేవు. చీటీలు తిరగబడితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ మందు పనిచేస్తుందని యంత్రం ఎవరి పేరు చెబుతుందో, సరిగ్గా ఆ మనిషికే అది పనిచేయకపోవచ్చు.

వాళ్ళు ఇదంతా 2009లో ‘యానల్స్ ఆఫ్ అప్లైడ్ స్టాటిస్టిక్స్’లో ప్రచురించారు. జీవశాస్త్ర పత్రికలకి ఈ గొడవ మీద అంత ఆసక్తి లేకపోయింది. తమ విశ్లేషణ రిపోర్టుల్ని వాళ్ళు ఎస్‌వీవ్‌లో రాశారు. వాళ్ళ మాట నమ్మక్కర్లేదు, ఫైలు తీసుకుని నడిపిస్తే అదే అంకె మీ ముందు కూడా పుడుతుంది. ఎదుటివాళ్ళ లెక్కని పట్టుకోవడానికి తమకి అంతకాలం ఎందుకు పట్టిందో వాళ్ళు ఆ వ్యాసంలోనే చెప్పారు. అలాంటి ఫైలు అటువైపు లేదు. మామూలు తప్పులే ఎక్కువగా జరుగుతాయి, వాటినే ఈ రకం వ్యాసాలు కళ్ళకి కనబడకుండా దాచేస్తాయి అన్నారు.

ఈలోగా డ్యూక్‌లో ఈ పద్ధతి ఆధారంగా రోగుల మీద పరీక్షలు 2007 నుంచీ నడుస్తున్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళు, వందమందికి పైగా చేరారు. 2009 చివర్లో పరీక్షలు ఆపి, సమీక్ష చేయించి, 2010 మొదట్లో మళ్ళీ మొదలుపెట్టారు. అదే ఏడాది జూలైలో పొట్టి తన దరఖాస్తుల్లో రోడ్స్ స్కాలర్నని రాసుకున్నది నిజం కాదని ఒక వార్తాపత్రిక బయటపెట్టింది. అప్పుడు కదిలారు అందరూ. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని భాగం. పట్టిక ఒక వరస జరిగిందని నిరూపిస్తే ఆగని పరీక్షలు, బయోడేటాలో అబద్ధం దొరికితే ఆగాయి. 2011 జనవరిలో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. పొట్టి తప్పుడు డేటా చేర్చి పరిశోధనలో అక్రమానికి పాల్పడ్డాడని అమెరికా ప్రభుత్వ విచారణ సంస్థ 2015లో తేల్చింది.

అంటే ఇది చెయ్యి జారిన తప్పు మాత్రమే కాదు. కోడ్ పొదిగిన వ్యాసం అబద్ధాన్ని ఆపుతుందని నేననను. డేటానే మార్చేసినవాడు మారిన డేటాతో ఎస్‌వీవ్ కూడా చక్కగా నడుపుకోవచ్చు. కాకపోతే ఊహించి, ఊహించి, కావాలని తప్పులు చేసి చూసే ఆ మూడేళ్ళ పని మిగిలేది. ఆ మూడేళ్ళలో ఆస్పత్రి మంచాల మీద మనుషులున్నారు.

* * *

తర్వాతి కథ వేగంగా సాగింది. ఎస్‌వీవ్ మొండిది. చిన్నమార్పు చేసినా మొత్తం లెక్క మొదట్నుంచీ నడుస్తుంది, లేటెక్ రానివాడు దాని జోలికి పోలేడు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న యీహుయీ షియే దాన్ని కొత్తగా రాసి, 2012లో ‘నిట్ ఆర్’ అని విడుదలచేశాడు. నేత పోయి అల్లిక వచ్చిందన్నమాట. లేటెక్ బదులు మార్క్‌డౌన్‌లో కూడా రాసుకోవచ్చు. మార్క్‌డౌన్ అంటే 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్స్ సాయంతో చేసిన తేలిక పద్ధతి, నక్షత్రం గుర్తు పెడితే వాలు అక్షరాలు వచ్చే రకం.

వెబ్ పేజీలో గణితం సంగతి మాత్రం వింతగా నడిచింది. వెబ్ పుట్టిందే సెర్న్‌లో, భౌతిక శాస్త్రవేత్తల ఇంట్లో. అయినా ఒక సమీకరణం చూపించే దారి లేదు. బొమ్మగా అతికించుకోవాల్సి వచ్చేది. గణితం కోసం మ్యాథ్‌ఎంఎల్ అనే ప్రమాణం 1998లోనే వచ్చింది. క్రోమ్ బ్రౌజర్ దాన్ని సవ్యంగా చూపించడం మొదలుపెట్టింది 2023లో. పాతికేళ్ళు! ఈ మధ్యకాలంలో పని నెట్టుకొచ్చింది మ్యాథ్‌జాక్స్. వెబ్ పేజీలో డాలర్ గుర్తుల మధ్య టెక్‌లో రాసినదాన్ని గుర్తుపట్టి, చదివేవాడి బ్రౌజర్‌లోనే సమీకరణంగా కూర్చేస్తుంది. పరిహాసంగా పెట్టిన డాలర్లు అలా ప్రమాణం కన్నా గట్టిగా నిలబడ్డాయి.

ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్ళకి, డేటా పనిచేసేవాళ్ళకి, ఈ కథంతా ఒక్క పేరులోనే తెలుసు. జూపిటర్. నిజానికి గడులు గడులుగా మాట, లెక్క, గ్రాఫు కలిసి ఉండే ‘నోట్‌బుక్’ని 1988లోనే మ్యాథమేటికా తెచ్చింది, అది డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన సరుకు. కొలంబియా దేశస్థుడు ఫెర్నాండో పెరెజ్, కొలరాడోలో భౌతికశాస్త్రం పీహెచ్‌డీ చేస్తూ, 2001లో థీసిస్ రాయాల్సిన వేళ పక్కపనిగా ఐపైథాన్ మొదలుపెట్టాడు. థీసిస్ ఎగ్గొట్టడానికి చేసే పనుల్లోంచి ఇలాంటివి పుట్టడం మామూలే. 2011లో దానికి బ్రౌజర్‌లో నడిచే నోట్‌బుక్ వచ్చింది. 2014లో జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లు కలిసొచ్చేలా జూపిటర్ అని పేరుపెట్టారు. గురుగ్రహం ఉపగ్రహాల్ని రాత్రికొక బొమ్మ చొప్పున గీసి, మాటల మధ్యే డేటా పెట్టి 1610లో అచ్చువేసిన గెలీలియోకి అది నమస్కారం కూడా. 2016లో గురుత్వ తరంగాలు దొరికాయని లైగో ప్రకటించినప్పుడు, ఆ సంకేతాన్ని ఎవరికివాళ్ళు లెక్కకట్టి చూసుకునేలా నోట్‌బుక్‌లు కూడా బయటపెట్టారు.

క్లేర్‌బౌట్ కల నిజమైంది అనుకుంటాం ఇక్కడ. కాలేదు. జూపిటర్‌లో గడుల్ని మీకు తోచిన వరసలో నడుపుకోవచ్చు. ఐదోది నడిపి, మళ్ళీ రెండోదానికి వెళ్ళి కొంచెం మార్చి నడిపి, మూడోది చెరిపేయొచ్చు. చెరిపేసిన గడి తెరమీదనుంచి పోతుంది గానీ, అది లెక్కకట్టిన విలువ యంత్రం బుర్రలో అలాగే ఉంటుంది. కింది గడులు దాన్నే వాడుకుంటాయి. అంతా చక్కగా కనిపిస్తుంది. ఫైలు మూసి మర్నాడు తెరిచి పైనుంచి నడిపిస్తే కూలిపోతుంది. లేదా ఇంకా ఘోరం, కూలిపోకుండా వేరే అంకె చూపిస్తుంది. గిట్‌హబ్‌లో పడి ఉన్న లక్షల నోట్‌బుక్‌లని తెచ్చి, మళ్ళీ నడిపిచూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. నడపడానికి ప్రయత్నించిన వాటిలో తప్పు లేకుండా చివరిదాకా నడిచినవి నూటికి 24. తాము చూపిస్తున్న ఫలితాన్నే మళ్ళీ ఇచ్చినవి నూటికి 4.

నలభై ఏళ్ళ కిందట కాగితం మీద అంకె, దాని పక్కన ఏమీ లేదు. ఇప్పుడు అంకె పక్కనే కోడ్ ఉంది, ఆ కోడ్ లోంచి ఆ అంకె రావడం లేదు. చూసేవాడికి రెండోదే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది, చిక్కంతా అదే. జూపిటర్ మెనూలో ‘అన్నీ మర్చిపోయి, మొదట్నుంచీ మొత్తం నడుపు’ అనే మీట ఒకటుంది. క్లేర్‌బౌట్ ‘బర్న్’ అన్నది దాన్నే. పంపించేముందు దాన్ని నొక్కేవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలో ఎంతమందున్నారో అడిగి చూడండి.

మొదట్నుంచీ నడిపినా, కోడ్ ఆధారపడ్డ లైబ్రరీలు ఈలోగా మారిపోతే ఫలితం నిలవదు. మూడేళ్ళ కిందటి నోట్‌బుక్ ఇవాళ తెరవాలంటే భయం. 1980ల చివర్లో టెక్‌లో రాసిన ఫైలుని మాత్రం ఇప్పటి టెక్‌కి ఇస్తే పంక్తులు అప్పుడు ఎక్కడ విరిగాయో ఇప్పుడూ అక్కడే విరుగుతాయి. క్నూత్ దాన్ని కావాలనే గడ్డకట్టించాడు. కొత్త సదుపాయాలు చేర్చనని 1990లోనే ప్రకటించాడు. దొరికిన తప్పులు మాత్రం ఇన్నేళ్ళకొకసారి దిద్దుతాడు. దిద్దిన ప్రతిసారీ వర్షన్ సంఖ్యకి ఇంకొక అంకె చేరి, వృత్తం చుట్టుకొలతకీ వ్యాసానికీ ఉండే నిష్పత్తికి ఒక అడుగు దగ్గరవుతుంది. 2021లో అది 3.141592653 అయింది. తను పోయాక వర్షన్‌ని ఆ నిష్పత్తి గుర్తుకే మార్చేసి, ఇక ఎవరూ చెయ్యిపెట్టొద్దనీ, అప్పటికి మిగిలిన తప్పులన్నిటినీ దాని లక్షణాలుగానే భావించమనీ రాసిపెట్టాడు. తప్పులు పట్టినవాళ్ళు పంపిన ఉత్తరాలు మళ్ళీ విప్పేది 2029లో. అప్పటికి ఆయనకి 91 ఏళ్ళుంటాయి.